గర్భసంచి ఆపరేషన్ – ముందు ఏం అడగాలి, తర్వాత ఎట్లా చూసుకోవాలి
(దుబాయిలో సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం మీద మాట్లాడమంటే మొదట మేమూ వెనకాడాం. మేము సైటు సూపర్‌వైజర్లం. డిప్లొమా చదివి కాంక్రీటు, సెంట్రింగు చూసుకునేవాళ్లం. ఆడవాళ్ల ఆపరేషన్ గురించి మేమేం చెప్తాం అనుకున్నాం. కానీ అడ్వాన్సు అడిగే కాగితమైనా, ఎమర్జెన్సీ లీవు కాగితమైనా ముందు వచ్చేది మా చేతికే. అందులో ఇంటి కట్టుబడి, చెల్లె పెండ్లి కాకుండా మళ్లీ మళ్లీ కనబడే మాట ఒకటుంది: "భార్యకు ఆపరేషన్". ఏం ఆపరేషన్ అని అడిగితే తల దించుకుని "ఆడోళ్లది సార్" అంటారు. అంతకుమించి మనిషికి తెలియదు. తెలుసుకోవాలని ఉన్నా ఫోన్‌లో అడగడానికి సిగ్గు. అవతల ఆమెకు చెప్పడానికి సిగ్గు. మధ్యలో డాక్టరు చెప్పిన మాట అత్త నోట్లో పడి, మరిది నోట్లో పడి, ఇక్కడికి వచ్చేసరికి "సంచి తీసేయాల్నట, ఎనభై వేలు పంపు" అన్న ఒక్క ముక్కగా మిగులుతుంది.

మేము డాక్టర్లం కాదు. మన సభ్యుల్లో నర్సులుగా పనిచేస్తున్న చెల్లెళ్ల దగ్గర కూర్చుని, ఊళ్లో ఆపరేషన్ అయినవాళ్లతో వాళ్ల భర్తల ఫోన్లలోనే మాట్లాడి, తెలుసుకున్నది చెప్తున్నాం. మీ ఇంటి మనిషి విషయంలో చివరి మాట ఆమెను పరీక్ష చేసిన డాక్టరుదే, ఆమెదే.

ముందు ఒక లెక్క చూద్దాం. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను గర్భసంచి తీయించుకున్నారా అని అడిగారు. దేశం మొత్తం మీద 100 మందిలో సుమారు 3 మంది అవునన్నారు. తెలంగాణలో 100కి దాదాపు 8 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. అంటే మన రెండు రాష్ట్రాలు దేశం లెక్కకు రెండింతలు దాటి ఉన్నాయి. దేశంలో ఈ ఆపరేషన్ అయినవాళ్లలో సగం మందికి అది 35 ఏళ్లు నిండకముందే అయిపోయింది. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. మన ఆడవాళ్ల గర్భసంచులకే ఎక్కువ రోగాలు వస్తాయా? అట్లా ఏమీ లేదు. అక్కర్లేని ఆపరేషన్లు చాలా జరుగుతున్నాయని సుప్రీంకోర్టు దాకా కేసు పోయింది. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ వీటిని అదుపు చేయడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు, ఆ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లో పెట్టాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది.

మన ఊళ్లల్లో ఇది ఎట్లా మొదలవుతుందో మీకు తెలియంది కాదు. 22, 23 ఏళ్లకే పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిపోతుంది. 30 దాటాక నడుము నొప్పి, తెల్లబట్ట, నెలసరి ఎక్కువ పోవడం. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే పట్నంలో ఒక ఆసుపత్రి పేరు చెప్తాడు. అక్కడ స్కానింగు తీసి "సంచికి వాపు ఉంది, గడ్డ ఉంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు "పిల్లలు అయిపోయారు కదా, ఇంకా సంచి ఎందుకు, తీపించేయ్" అంటారు. ఆ క్యాన్సర్ అన్న మాట విన్నాక ఇక్కడ మనకు రాత్రి నిద్ర పట్టదు. తెల్లారి అప్పు అడుగుతాం.

మా షట్టరింగ్ గ్యాంగులో ఒక అన్న ఇట్లాగే వచ్చాడు. ఇంట్లో మనిషికి 32 ఏళ్లు. స్కానింగు కాగితం ఫోటో తీసి పంపమన్నాం. మన నర్సు చెల్లె చూసి, ఇందులో ఉన్నదానికి సంచి తీయాల్సిన అవసరం నాకు కనబడటం లేదు, జిల్లా ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకు చూపించమంది. చూపించారు. అది ఇన్ఫెక్షన్. భార్యాభర్తలిద్దరికీ మందులు రాశారు. అన్న ఇక్కడి క్లినిక్‌లో వేసుకున్నాడు, ఆమె అక్కడ వేసుకుంది. అంతే, ఆ అడ్వాన్సు కాగితం మా డ్రాయరులోనే ఉండిపోయింది.

అయితే దీన్ని పట్టుకుని ఆపరేషన్ అంటేనే మోసం అనుకోవద్దు. ముట్లు ఆగిపోయిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనబడితే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా చూపించాలి. క్యాన్సర్ అని తేలితే, గర్భసంచి కిందికి జారి బయటికి వస్తుంటే, మందులు వాడినా రక్తస్రావం ఆగక మనిషి పాలిపోయి నడవలేకుండా ఉంటే, పెద్ద గడ్డలు మూత్రాన్ని అడ్డుకుంటుంటే, అప్పుడు ఆపరేషనే మందు. తెల్లబట్టకు సంచి తీయడం మందు కాదు. నడుము నొప్పికి కాదు. స్కానింగులో చిన్న గడ్డ కనబడినా మనిషికి ఏ బాధా లేకపోతే దాన్ని చూస్తూ ఊరుకోవచ్చు. ఆ గడ్డలు క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదు. నెలసరి ఎక్కువగా పోతుంటే రక్తం తగ్గించే మాత్రలున్నాయి, హార్మోన్ మాత్రలున్నాయి, గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ లూపు ఉంది. అది ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఇవన్నీ చూశారా అని అడగడం తప్పు కాదు.

డబ్బు పంపేముందు ఫోన్‌లో అడగాల్సినవి ఇవి. రోగం పేరేంటి? ఏ పరీక్షలో తేలింది? వయసు 45 దాటి రక్తం ఎక్కువగా పోతుంటే సంచి లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారా? ఆపరేషన్ కాకుండా వేరే మందు లేదా? అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా? ఈ చివరి ప్రశ్న చాలామందికి తట్టదు. సంచి పక్కన రెండు అండాశయాలుంటాయి. ఆడమనిషి ఎముకలకు, గుండెకు బలమిచ్చే హార్మోన్ వాటినుంచే వస్తుంది. 35 ఏళ్ల మనిషికి అవి రెండూ తీసేస్తే తెల్లారేసరికి ముట్లు ఆగిపోయిన వయసులో పడ్డట్టే. ఒంట్లో సెగలు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ముందే ఎముకలు గుల్లబారడం. "ఎట్లాగూ కోస్తున్నాం కదా, అవీ తీసేద్దాం" అంటే ఒప్పుకోవద్దు. తీయాల్సిన కారణం ఉంటే ఆ కారణం చెప్పించుకోవాలి. ఉంచినా కొందరికి మామూలుకంటే కొన్నేళ్లు ముందే ఆ మార్పు రావచ్చు. అందుకే చిన్న వయసులో ఈ ఆపరేషన్‌కు తొందర పనికిరాదు.

రెండో డాక్టరును అడగడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. మన సైటులో ఒక బీము కొట్టేయాలంటే ఫోర్‌మన్ చెప్పాడని కొట్టేస్తామా? కన్సల్టెంటు సంతకం కావాలి. మనిషి ఒంట్లో భాగానికి ఆ మాత్రం జాగ్రత్త ఉండొద్దా? ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందా రాదా అన్నది ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడిగితే చెప్తారు. అది అడగకుండానే వడ్డీకి తెచ్చినవాళ్లను చూశాం.

ఇక ఆపరేషన్ తప్పదని తేలిందనుకుందాం. ఎట్లా చేస్తారు? పాత పద్ధతిలో పొట్ట అడ్డంగానో నిలువుగానో కోస్తారు. ఇప్పుడు ఎక్కువగా వినబడేది లాప్రోస్కోపీ, మన జనం చెప్పే మాటలో రంధ్రాల ఆపరేషన్. మనిషికి పూర్తి మత్తు ఇచ్చి, పొట్టలోకి గాలి, అంటే కార్బన్ డయాక్సైడ్ వాయువు ఎక్కించి ఉబ్బేలా చేస్తారు. బొడ్డు దగ్గర, పక్కల మూడు నాలుగు చిన్న గాట్లు పెడతారు. ఒక్కోటి సెంటీమీటరు లోపే. ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి పనిముట్లు. టీవీ తెర మీద చూస్తూ సంచిని విడదీసి యోని మార్గం నుంచి బయటికి తీసి, లోపల పైభాగం కుట్టేస్తారు. అసలు పొట్ట మీద గాటే లేకుండా కింది నుంచే తీసే పద్ధతి కూడా ఉంది. కుదిరిన చోట అది మంచిదే, ఖర్చూ తక్కువ. సంచి బాగా పెద్దగా ఉంటే, లోపల పాత ఆపరేషన్ల అతుకులుంటే కోసే పద్ధతే చేయాల్సి రావచ్చు. రంధ్రాలతో మొదలుపెట్టి మధ్యలో కోయాల్సి వచ్చిందని ఫోన్ వస్తే కంగారుపడొద్దు. ఆ అవకాశం ఉందని ముందే చెప్పి సంతకం తీసుకుంటారు.

పాత ఆపరేషన్లంటే గుర్తొచ్చింది. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో సగానికి పైగా సిజేరియన్లే. సిజేరియన్ అయినవాళ్లకు మూత్రాశయం గర్భసంచికి అతుక్కుని ఉండొచ్చు. ఎన్ని సిజేరియన్లు అయ్యాయో, పిల్లల ఆపరేషన్ ఎప్పుడైందో, ఏ మందులు వాడుతోందో అంతా డాక్టరుకు చెప్పాలి. పాత కాగితాలు ట్రంకు పెట్టెలో ఉంటే తీసి పెట్టమనండి.

తయారీలో మొదటిది రక్తం. నెలల తరబడి రక్తం పోయిన మనిషికి హిమోగ్లోబిన్ 7, 8 దగ్గర ఉంటుంది. అంత తక్కువతో ఆపరేషన్‌కు పోతే రక్తం ఎక్కించాల్సి వస్తుంది, కోలుకోవడం ఆలస్యమవుతుంది. అత్యవసరం కాకపోతే డాక్టరుతో మాట్లాడి ఐరన్ మాత్రలతోనో, నరంలోకి ఇచ్చే ఐరన్ ఇంజక్షన్‌తోనో ముందు రక్తం పెంచుకోవచ్చు. ఆ నెల రెండు నెలలు వృథా కావు. బీపీ, షుగరు అదుపులో ఉండాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.

ఒక మాట సూటిగా చెప్తాం, నొచ్చుకోవద్దు. మన దిక్కు కొన్ని ఊళ్లల్లో ఆడవాళ్లు కూడా సాయంత్రం కల్లు తాగుతారు. దాంట్లో మత్తు మందు కలుపుతున్నారన్న సంగతి అందరికీ తెలిసిందే. రోజూ తాగే మనిషికి ఆసుపత్రిలో చేరాక ఒక్కసారిగా అది ఆగిపోతే చేతులు వణకడం, పిచ్చి పట్టినట్టు మాట్లాడటం, ఫిట్స్ రావడం జరుగుతుంది. మత్తు డాక్టరుకు ఈ సంగతి ముందే తెలియాలి. పరువు పోతుందని దాచొద్దు. పొగాకు నమిలే అలవాటున్నా అంతే, వీలైనన్ని వారాల ముందే మానాలి.

ఆపరేషన్‌కు 6 గంటల ముందు నుంచి అన్నం, టిఫిన్, పాలు, పాలు పోసిన టీ బంద్. మంచినీళ్లు మామూలుగా 2 గంటల ముందు వరకు తాగొచ్చు. ఆసుపత్రి వాళ్లు వేరే టైము చెప్తే అదే పాటించాలి. దయతలచి ఎవరో ఒక ఇడ్లీ పెడితే మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. గోళ్ల రంగు తుడిచేయాలి, ఎందుకంటే వేలికి తగిలించే మిషను రంగు మీద సరిగ్గా లెక్క చూపదు. ముక్కుపుడక, గాజులు, మెట్టెలు, పుస్తెలతాడు అన్నీ తీయాల్సి ఉంటుంది. పుస్తెలు తీయడం దగ్గర అత్తలు గొడవ పడతారు. భర్త ఫోన్‌లో "తీసి అమ్మ చేతికియ్యి, ఏం కాదు" అని ఒక్క మాట అంటే ఆ గొడవ అక్కడితో సరి. ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు గీసుకోవద్దు. చర్మం తెగితే అక్కడే చీము పట్టే అవకాశం. అవసరమైతే ఆసుపత్రిలో తీస్తారు.

ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమో మర్నాడో నర్సు లేపి నడిపిస్తుంది. "పచ్చి ఒళ్లు, అప్పుడే నడిపిస్తారా" అని మనవాళ్లు గొణుగుతారు. నడవకపోతే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికి వస్తుంది. నడవాలి. భుజం నొప్పి వస్తుంది. పొట్టలో కోస్తే భుజానికేంటి అని భయపడతారు. పొట్టలో మిగిలిన గాలి వల్ల అది, రెండు మూడు రోజుల్లో పోతుంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు.

ఇంటికి వచ్చాకే అసలు సంగతి. పొట్ట మీద చూస్తే మూడు చిన్న గాట్లు, పైన ప్లాస్టరు. వారం తిరిగేసరికి అవి మానిపోతాయి. చూసినవాళ్లు "ఏమైంది నీకు, చిన్న చీమ కుట్టినట్టే ఉంది కదా, లే" అంటారు. అన్నలారా, మనం స్లాబు పోసిన రెండో రోజు చేత్తో తడితే గట్టిగానే ఉంటుంది. అట్లాగని కింది ప్రాపులు విప్పేస్తామా? క్యూరింగు కావాలి. ఆమె లోపల సంచి తీసిన చోట కుట్లున్నాయి. అవి పూర్తిగా బలపడటానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. గాటు చిన్నదైనా లోపల జరిగిన పని పెద్దదే.

ఆ 6 వారాలు 4, 5 కిలోలకు మించి బరువు ఎత్తకూడదు. సిమెంటు బస్తా 50 కిలోలని మనకు నిద్రలో లేపి అడిగినా చెప్తాం. ఇంట్లో ఆమె మోసే బరువు ఎప్పుడైనా లెక్క వేశామా? నిండు బిందె 12, 15 కిలోలు. మంచినీళ్ల పెద్ద డబ్బా 20 కిలోలు. నిండు గ్యాసు బండ 30 కిలోల దాకా. రెండేళ్ల పిల్లాడు 10, 12 కిలోలు. తడి బట్టల బకెట్టు, రుబ్బురోలు, పశువుల గడ్డిమోపు. ఇవన్నీ ఆ 6 వారాలు ఎవరు మోస్తారన్నది ఆపరేషన్ తేదీకి ముందే తేల్చుకోవాలి. మాకు తెలిసిన ఒక చెల్లెకు గడ్డల కోసం ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంట్లో అత్తకు మోకాళ్ల నొప్పులు. తొమ్మిదో రోజు నల్లా వచ్చింది, పట్టేవాళ్లు లేరు, తనే నాలుగు బిందెలు పట్టింది. ఆ రాత్రి రక్తస్రావమై 108లో ఎక్కించాల్సి వచ్చింది. ఆమె తప్పు ఏముంది అందులో? నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నెలకు రెండు మూడు వేలిచ్చి పక్కింటి మనిషిని నీళ్లకు, వంటకు పెట్టుకోవచ్చు. ఆపరేషన్‌కు పంపే డబ్బులో ఈ ఖర్చు కూడా కలిపి పంపండి.

బీడీలు చుట్టే ఇళ్లల్లో ఇంకో ఇబ్బంది. కూర్చునే పని కదా అని నాలుగో రోజే చాట ముందు పెట్టుకుంటారు. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుంటే కాళ్లలో రక్తం నిలుస్తుంది. మొదటి రెండు వారాలు ఆ చాట పక్కన పెట్టాల్సిందే. తర్వాత కూడా అరగంటకోసారి లేచి నడవాలి. నాట్లు, కలుపు అంటే వంగి చేసే పని, 6 వారాలయ్యాక డాక్టరు సరేనంటేనే.

తిండి విషయంలో మన దగ్గర పథ్యం పేరుతో జరిగేది మాకు నచ్చదు. పప్పు తింటే చీము పడుతుందట, గుడ్డు వద్దట, నీళ్లు తాగితే పొట్ట వస్తుందట. కారప్పొడి, వెల్లుల్లి, ముద్ద. గాయం మానాలంటే పప్పు, గుడ్డు, పాలు, మాంసం కావాలి. నీళ్లు బాగా తాగాలి, ఆకుకూరలు, పండ్లు తినాలి. లేకపోతే మలబద్ధకం పట్టుకుంటుంది, ముక్కితే లోపలి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. తగ్గకపోతే డాక్టరును అడిగితే విరేచనానికి మందు రాస్తారు.

కొన్ని వారాలు కొద్దికొద్దిగా రక్తపు మరకలు కనబడటం మామూలే. కానీ గంటకో ప్యాడు తడిసిపోతుంటే, జ్వరం 100.4 దాటితే, దుర్వాసనతో చీములా పోతుంటే, పొట్ట ఉబ్బి వాంతులు ఆగకపోతే, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడితే, ఊపిరి ఆడక ఛాతీ పట్టేస్తే, ఆర్‌ఎంపీ సూదితో సరిపెట్టొద్దు. వెంటనే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రికి పోవాలి. ఇంకొకటి ఉంది, చాలామంది సిగ్గుతో చెప్పరు. మూత్రం తెలియకుండానే చుక్కలు చుక్కలుగా కారుతూ బట్ట తడుస్తుంటే అది బలహీనత కాదు. మూత్రాశయానికో, మూత్రం నాళానికో దెబ్బ తగిలి ఉండొచ్చు. బాగుచేయవచ్చు, కానీ డాక్టరుకు చెప్పాలి.

ఇప్పుడు మగవాళ్లకు మాత్రమే చెప్పే మాట. అక్కచెల్లెళ్లు ఏమీ అనుకోవద్దు. మనకు ఏడాదికో రెండేళ్లకో నెల రోజుల సెలవు. ఆపరేషన్ కూడా ఆ నెలలోనే పెట్టుకుంటాం, దగ్గరుండొచ్చని. మంచిదే. కానీ ఆపరేషన్ తర్వాత కనీసం 6 నుంచి 8 వారాలు, డాక్టరు చూసి సరే అనేదాకా, భార్యాభర్తలు కలవకూడదు. లోపలి కుట్లు తెగిపోయి పేగులు కిందికి జారిన సందర్భాలు కూడా వైద్యంలో ఉన్నాయి. అంటే ఆ సెలవు నెల మొత్తం అంతే. ఇది తెలిసే ప్రయాణం పెట్టుకోండి. ఆమె కాదనలేని పరిస్థితిలో పెట్టొద్దు. "ఏడాదికి ఒక్కసారి వస్తివి" అన్న మొహమాటంతో ఆమె ఒప్పుకున్నా మనం ఒప్పుకోకూడదు. మంచం వేరుగా వేసుకుని, పొద్దున లేచి బిందెలు పట్టండి. ఇక్కడ క్యాంపులో వంట, బట్టలు అన్నీ చేసుకుంటున్న మనకు అక్కడ చేతగాదా?

సంచి తీస్తే ఆడతనం పోతుందని, ఇక సంసారానికి పనికిరాదని ఊళ్లో అంటారు. అది అబద్ధం. మానిన తర్వాత అన్నీ మామూలే. ముట్టు రాదు, గర్భం రాదు, అంతే తేడా. కొందరికి మాత్రం ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు ఊరికే ఏడుపు వస్తుంది, ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. పిల్లలు లేని వాళ్లకు మరీ. "ఎందుకేడుస్తున్నవ్, అయిపోయింది కదా" అనకుండా ఫోన్‌లో కొంచెం ఎక్కువసేపు వినండి. వారాలు గడిచినా తగ్గకపోతే అదీ డాక్టరుకు చెప్పాల్సిన విషయమే.

ఇక్కడ ఇళ్లల్లో పనిచేస్తున్న అక్కచెల్లెళ్ల సంగతి. రక్తం ఎక్కువ పోతున్నా, ఇంటికి పంపేస్తారన్న భయంతో నెలల తరబడి దాచుకుంటున్నారు. యూఏఈలో ఇంటి పనివాళ్ల కోసం 2022లో వచ్చిన చట్టం ప్రకారం డాక్టరు కాగితం ఉంటే ఏడాదికి 30 రోజుల దాకా సిక్ లీవు ఉంది. అందులో మొదటి 15 రోజులకు పూర్తి జీతం, మిగతా 15 రోజులకు జీతం లేదు. కంపెనీల్లో పనిచేసేవాళ్లకు వేరే చట్టం, ప్రొబేషన్ దాటాక 90 రోజుల దాకా: 15 పూర్తి జీతంతో, 30 సగం జీతంతో, 45 జీతం లేకుండా. ఆపరేషన్ ఊళ్లో చేయించుకోవాలనుకుంటే తిరుగు టికెట్టు రెండు వారాలకు తీయొద్దు. ఇక్కడికొచ్చిన మర్నాడే కార్పెట్లు ఎత్తమంటారు, మీరు కాదనలేరు. 6 వారాలు దాటాక తీయండి, విమానంలో కూడా మధ్యమధ్య లేచి నడవండి.

చివరగా కాగితాలు. తీసిన సంచిని పరీక్షకు పంపించాలి, ఆ బయాప్సీ రిపోర్టు ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులకు వస్తుంది. చాలామంది దాన్ని తెచ్చుకోవడం మరిచిపోతారు. అందులోనే రోగం నిజంగా ఏమిటో రాసి ఉంటుంది. డిశ్చార్జి కాగితంలో అండాశయాలు ఉంచారా, గర్భసంచి ముఖద్వారం ఉంచారా అన్నది చూసుకోవాలి. ముఖద్వారం ఉంచితే దాని క్యాన్సర్ పరీక్ష ముందులాగే చేయించుకుంటూ ఉండాలి. రెండు కాగితాలూ ఫోటో తీసి మీ ఫోన్‌లో పెట్టుకోండి. చదవడం రాకపోతే సెలవు రోజు మన ఆఫీసు గదికి తెండి. నర్సు చెల్లెళ్లు సాయంత్రం 5 నుంచి ఉంటారు, భార్యను వీడియో కాల్‌లో కలపండి, ఆమెతోనే మాట్లాడతారు. మీరు బయట టీ తాగి రండి.